పల్లెటూళ్లో నిద్ర పట్టాలంటే ఎవర్ని అడగాలండీ? (మైకులు, డీజేలు, ఏరియేటర్లు వగైరా)

కాలవగట్టు_కావ్య
బెంగళూరు హారన్లు పడలేక వర్క్ ఫ్రమ్ హోమ్ రాయించుకుని, కొత్తపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వచ్చి ఉంటున్నాను. కాలవగట్టు, కొబ్బరితోట, పెంకుటిల్లు. ఫొటోలు చూసి ఆఫీసులో అందరూ కుళ్లుకున్నారు. ఫొటోలో చప్పుడు వినపడదు కదా. ధనుర్మాసం కాబట్టి నాలుగున్నరకే గుడి మీద బూర మైకు మొదలు. అది ఆగేసరికి కాలవ అవతలి ఊళ్లో ప్రార్థన. ఏడింటికి "గ్యాస్ స్టవ్‌లు రిపేరు చేయబడును, కుక్కర్లు రిపేరు చేయబడును" అని రికార్డింగ్ వేసుకుని మోపెడ్ మీద ఒకాయన వస్తాడు. ఆయన మలుపు తిరగ్గానే వీధి కుక్కలన్నీ శ్రుతి కలుపుతాయి. వెనకే ఉల్లిపాయల ఆటో. రాత్రయితే రొయ్యల చెరువుల మీద నీళ్లకి గాలి ఎక్కించే ఏరియేటర్లు. ఈ వారం ఎదురింట్లో పెళ్లి, డీజే.
నాకు రాత్రి పదకొండుకి అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది. "మీ ఊళ్లో రోజూ పండగేనా" అని మా మేనేజర్ అడిగాడు. మ్యూట్ తీస్తే పాటలు, పెడితే నేను మాట్లాడట్లేదని కంప్లయింట్.
పోలీసులకి ఫోన్ చేస్తే పని జరుగుతుందా, లేక ఊళ్లో చెడ్డపేరు ఒక్కటే మిగులుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

భీమవరం_బుల్లోడు
నిశ్శబ్దం కోసం గోదారి జిల్లాకొచ్చారా అండీ? ఉప్పు తగ్గించుకుందామని ఆవకాయ జాడీలో దూకినట్టుంది.

పీచుమిల్లు_ప్రసాద్
ఇది ట్రైలరేనమ్మా. సంక్రాంతికి కోడిపందేల బరులు వేశాక మళ్లీ రాయి. కోళ్లకన్నా కామెంటరీ చెప్పేవాడే ఎక్కువ కూస్తాడు.

నల్లకోటు_తణుకు
చట్టం మీ వైపే ఉంది, ముందు అది తెలుసుకోండి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 ఫిబ్రవరిలో వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదు. తలుపులు మూసుకున్న హాల్లో, లోపలివాళ్లకి వినపడేంత వరకు పెట్టుకోవచ్చు. మిగతా వేళల్లో పెట్టాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ 50, 40. పండగలకి 12 గంటల దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, కానీ ఏడాది మొత్తంలో 15 రోజులకి మించి కుదరదు. దీని మీద 2005లో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది.
చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ నిబంధనల్లో "అధికారి" అంటే కలెక్టరు, పోలీసు కమిషనరు, లేదా డీఎస్పీ హోదాకి తగ్గనివాళ్లు. కాబట్టి స్టేషన్లో నోటితో చెప్పి ఊరుకోకుండా, కాగితం రాసి డీఎస్పీ ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వొచ్చు.

రాజోలు_రాంబాబు
కాగితం మీద అంతా బాగానే ఉంటుంది లాయరుగారూ. నా అనుభవం వినండి. పోయిన వినాయక చవితికి రాత్రి పన్నెండు దాటాక తట్టుకోలేక 112కి చేశాను. పోలీసులు వచ్చారు, సౌండ్ తగ్గింది. జీపు వంతెన దాటిందో లేదో మళ్లీ పెరిగింది. అక్కడితో ఆగితే బాగుండేది. మైకులో "ఈ పాట మన రాంబాబుగారికి అంకితం" అన్నారు. పేరు ఎలా తెలిసిందో దేవుడికెరుక. తెల్లారి పాలకి వెళ్తే పాలబ్బాయి కూడా నవ్వాడు.

భీమవరం_బుల్లోడు
ఏ పాటండీ రాంబాబుగారూ?

రాజోలు_రాంబాబు
జోలపాట. రీమిక్సు.

భీమవరం_బుల్లోడు
😂😂😂

లంకలో_లక్ష్మి
నవ్వులాటలా ఉంది గానీ, ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకి ఇది నవ్వులాట కాదు. అంకితంతో ఆగరు. మా పిన్ని ఇంటి ముందు కావాలనే బాక్సులు దించారు. కావ్యా, ఫోన్ చేసే ముందు ఆలోచించు. పిల్లి మెడలో గంట కట్టేవాళ్లు దొరికితే, ఆ గంటకి కూడా మైకు పెట్టే రకాలు మనవాళ్లు.

మైకుసెట్_మూర్తి
అందరూ మమ్మల్ని తిడుతున్నారు కాబట్టి మా మాట కూడా వినండి. ఇరవై ఏళ్లుగా మైకు సెట్టు, లైటింగ్ నా పని. సౌండ్ పెంచమనేది నేను కాదు, పార్టీ. బాక్సులు తక్కువ వేస్తే "ఏంటయ్యా, పెళ్లా ఇది, తద్దినమా" అని ఆడపెళ్లివారి ముందే అడుగుతారు. పక్క ఊరి డీజే కన్నా చిన్నగా వినిపించిందంటే బ్యాలెన్స్ డబ్బుల్లో కోత. కుర్రాళ్లు తాగొచ్చి మిక్సర్ మీద చెయ్యి వేస్తే ఆపగలిగే మొనగాడు ఎవడు? నాకూ ఇద్దరు పిల్లలు, నా ఇంటి పక్కన వేరేవాడి డీజే మోగితే నేనూ నిద్రపోలేను.
గుడి మైకు సంగతి వేరు. అవి బూరలు. డీజే బాక్సులా గుండె అదరదు, కానీ ఎటు తిప్పితే అటు మైళ్ల దూరం కొడుతుంది. చాలా ఊళ్లలో ధ్వజస్తంభం పక్కన ఇనప పైపు మీదో, మేడ మీదో నాలుగు దిక్కులకీ నాలుగు కట్టి వదిలేస్తారు. ఒకసారి బిగించాక తుప్పు పట్టేదాకా ఎవరూ ముట్టుకోరు. వాటిని కిందికి వంచి, పొలాల వైపు పోయే రెండూ తీసేసి, గుడి ఆవరణలో చిన్న బాక్సులు పెడితే భక్తులకి మాట ఇంకా స్పష్టంగా వినపడుతుంది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. అడిగేవాళ్లు లేక ఎవరూ చేయించట్లేదు.

కాలవగట్టు_కావ్య
మూర్తిగారూ, ఇది పనికొచ్చే మాట. వంచితే నిజంగా తేడా తెలుస్తుందా?

మైకుసెట్_మూర్తి
బూర మూతికి ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కకి జరిగి ఒకసారి వినండి. మీకే తెలుస్తుంది.

రిటైర్డ్_సైన్సుమాస్టారు
కావ్యమ్మా, పగలు అదే మైకు పెడితే అంత దూరం రాదు, గమనించావా? మైకు తప్పు కొంత, మన నేల తప్పు కొంత. చలికాలం రాత్రిళ్లు నేల త్వరగా చల్లబడుతుంది. నేలని ఆనుకున్న గాలి చల్లగా, దానిపైన గాలి వెచ్చగా ఉంటుంది. వెచ్చని గాలిలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి, పైకి పోవాల్సిన ధ్వని వంగి మళ్లీ కిందికి వస్తుంది. దానికితోడు మన డెల్టాలో కొండ లేదు, గుట్ట లేదు, కాలవలు, చేలు, చెరువులు. అడ్డం ఏముంది? కాబట్టే మంచు పట్టిన తెల్లవారుజామున పక్క ఊరి తిరుప్పావై మన మంచం కిందే చదువుతున్నట్టు ఉంటుంది. ఎండ ఎక్కాక గాలి తీరు తిరగబడుతుంది, ధ్వని పైకి వంగిపోతుంది.
ఇంకో సంగతి. 45కీ 55కీ తేడా పదే కదా అనుకోకండి. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి పదిరెట్లు పెరిగినట్టు, చెవికి ఇంచుమించు రెట్టింపు అయినట్టు. ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే తగ్గేది సుమారు 6 మాత్రమే.

పీచుమిల్లు_ప్రసాద్
మాస్టారు క్లాసు మొదలెట్టారు, లాస్ట్ బెంచీ నిద్రపోతోంది. ఇక్కడైనా నిద్ర పట్టింది.

రిటైర్డ్_సైన్సుమాస్టారు
ప్రసాదూ, నువ్వు అప్పుడూ అంతే.

ఐడీ_మార్చా
అసలు విషయం ఎవరూ మాట్లాడట్లేదు. గుడి మైకు నెలరోజులు. వాళ్లవి ఏడాది పొడుగునా. దాని గురించి అడిగే ధైర్యం ఉందా?

యానాం_జాన్
"వాళ్లవి" అంటే మావే కదండీ, నేరుగా అనండి. మా చర్చిలో ఉపవాస ప్రార్థనలు రాత్రి పది దాటితే బయట స్పీకర్లు కట్టేస్తాం. అన్ని చోట్లా అలా ఉందని నేననను. మా పక్క ఊళ్లో కట్టరు, నేనే వెళ్లి పాస్టరుగారికి చెప్పాను. దేవుడికి వినపడాలంటే బూర అక్కర్లేదని మా నాన్నగారు అనేవారు.

నల్లకోటు_తణుకు
ఈ వాదన కోర్టులో ఎప్పుడో తేలిపోయింది. చెన్నైలో ఒక చర్చి మీద చుట్టుపక్కల కాలనీవాళ్లు వేసిన కేసులో 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. పక్కవాడి ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని. గుడి, మసీదు, చర్చి అన్నిటికీ అదే రూలు.

వేదిక_అడ్మిన్
మతాల లెక్కలు ఇక్కడితో ఆపండి. ఐడీ_మార్చా గారి తర్వాతి రెండు పోస్టులు తీసేశాను. ఐడీ మళ్లీ మార్చుకోనక్కర్లేదు.

నైట్‌డ్యూటీ_నర్సు
అందరూ రాత్రి గురించే మాట్లాడుతున్నారు. నాకు నిద్ర పగలు. కాకినాడలో నైట్ షిఫ్ట్ చేసి ఉదయం తొమ్మిదికి పడుకుంటాను. అప్పుడే పాత ఇనప సామాన్ల బండి, చీరల ఆటో, పక్కవాటాలో మా అత్తయ్యగారి టీవీ సీరియల్. ఆవిడకి వినపడదు, ఒప్పుకోరు. వినికిడి మిషన్ కొనిస్తే బీరువాలో పెట్టి తాళం వేశారు, "ఖరీదైన వస్తువు కదా" అని. సీరియల్లో కోడలిని అత్త ఏమంటుందో నాకు నిద్రలో కూడా తెలుస్తుంది.
చెవుల సంగతి కూడా చెప్తాను, ఈఎన్‌టీ వార్డులో చేశాను కాబట్టి. 85 డెసిబెల్స్‌లో రోజుకి ఎనిమిది గంటలు మించి ఉండకూడదంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, అలా వెళ్తే 100 దగ్గర పావుగంటే. డీజే బాక్సు ముందు గెంతే కుర్రాళ్లు ఎంతసేపు ఉంటున్నారో చూసుకోండి. మర్నాడు చెవిలో గుంయ్‌మంటుంటే అది హెచ్చరిక. లోపలి చెవిలో ఉండే రోమకణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు, మందు లేదు. పసిపిల్లల్ని ఆ బాక్సుల పక్కన ఎత్తుకుని నిలబడే తల్లుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పీచుమిల్లు_ప్రసాద్
నర్సమ్మ చెప్పింది నిజం. జోకులు పక్కన పెట్టి చెప్తున్నా. మా నాన్న ముప్పై ఏళ్లు రైసు మిల్లులో చేశాడు. ఇప్పుడు ఎదురుగా నిలబడి పెదాలు కనపడితేనే మాట అర్థమవుతుంది. వెనకనుంచి పిలిస్తే తిరగడు. పొగరనుకుంటారు బయటవాళ్లు. మా పీచుమిల్లులో నేను కుర్రాళ్లకి చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిళ్లలు కొనిచ్చాను. సగం మంది పెట్టుకోరు, సెల్‌ఫోన్ రింగు వినపడదట.

రొయ్యలరాజు_ఉండి
ఏరియేటర్లని డీజేలతో కలిపి తిట్టారు, అది అన్యాయం అండీ. అది సరదాకి కాదు. వెనామీ రొయ్యకి నీళ్లలో ప్రాణవాయువు ఉండాలి. పగలంటే ఎండకి పాచి కొంత ఇస్తుంది. రాత్రి అదీ ఉండదు, పైగా అదే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి నీళ్లలో గాలి బాగా పడిపోతుంది. ఆ టైములో ఏరియేటర్ ఆగితే రొయ్య పైకి తేలుతుంది, ఆ తర్వాత చూడ్డానికేమీ ఉండదు. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాల్సిందే. మేమూ ఆ గట్టు మీద షెడ్డులో అదే చప్పుడులో పడుకుంటాం. చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తాం.

కాలవగట్టు_కావ్య
రాజుగారూ, ఏరియేటర్ నీళ్లు చిమ్మే చప్పుడుతో నాకు పెద్ద ఇబ్బంది లేదు. బాధంతా ఆ జనరేటరే. మా ఇంటి వెనక చెరువు ఆయన ట్రాక్టరు ఇంజనుకి తగిలించి నడుపుతాడు. సైలెన్సర్ ఉందో ఊడిందో తెలియదు.

నల్లకోటు_తణుకు
డీజిల్ జనరేటర్‌కి శబ్దం ఆపే డబ్బా బిగించే అమ్మాలి, మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. ట్రాక్టరు ఏర్పాటు దాని కిందకి ఎక్కడొస్తుంది? అదే చిక్కు.

రొయ్యలరాజు_ఉండి
పాత ఇంజన్లు గోల చేస్తాయి, ఒప్పుకుంటా. మూడు వైపులా ఇసక బస్తాలు పేర్చి, పొగగొట్టం ఇళ్లకి ఎదురు దిక్కుకి తిప్పించమనండి. మా దగ్గర అలాగే చేశాం, పక్కింటి మావయ్య తిట్టడం తగ్గించాడు. పూర్తిగా మానలేదు, అది ఆయన స్వభావం.

నగరం_నాగమణి
మీరంతా చిన్నవాళ్లనుకుంటా. హోరంటే ఏంటో మా పాశర్లపూడి చుట్టుపక్కల వాళ్లని అడగండి. 1995 జనవరి 8న గ్యాసు బావి ఎగదన్ని అంటుకుంది. రెండు నెలలు దాటి మండింది, మార్చి నడిమికి గానీ ఆరలేదు. రాత్రి లేదు, పగలు లేదు, దీపం అక్కర్లేని వెలుతురు, ఆగకుండా హోరు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఇంట్లో ఒకరితో ఒకరం అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. ఆరిపోయాక కూడా చాన్నాళ్లు అమ్మ అలాగే అరిచేది, "అన్నానికి రండే" అని, వీధి చివరిదాకా వినపడేలా.

లంకలో_లక్ష్మి
అక్కా, మా నాన్న కూడా చెప్తుంటాడు. గేదెలు పాలివ్వడం తగ్గించాయనేవాడు.

ముంగండ_కుర్రోడు
నన్ను తిట్టినా సరే చెప్తా. చప్పుడు లేకపోతే కోనసీమ ఏంటి? కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఊరూరి నుంచి శివుడి ప్రభలు భుజాల మీద మోసుకొచ్చే జాతర, చూశారా? గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలవ దాటేటప్పుడు "అశ్శరభ శరభ" అని వందల గొంతులు ఒక్కసారి లేస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. డప్పులు, గరగలు, వీరభద్రుడి ఖడ్గాలు. దీనికి కూడా డెసిబెల్స్ కొలుస్తారా?

రిటైర్డ్_సైన్సుమాస్టారు
అది కొలవమని ఎవరన్నారు బాబూ? మనిషి గొంతు అలుస్తుంది, డప్పు కొట్టేవాడి చెయ్యి నొప్పెడుతుంది, ఆగుతారు. జనరేటర్ బండి మీద బాక్సులకి ఏ నొప్పీ ఉండదు. నా మట్టుకు నేను ప్రభల ముందు నుంచి కూడా ఆ డీజే బండ్లు తీసేయాలంటాను. ఈమధ్య కొన్ని ప్రభలకి శరభ మంత్రం కన్నా సినిమా పాటే ఎక్కువ వినపడుతోంది.

ముంగండ_కుర్రోడు
డీజే బండి విషయంలో మీతో ఏకీభవిస్తా మాస్టారూ. బాణసంచా మాత్రం వదలం.

హైదరాబాద్‌లో_గోదారోడు
ఫోన్లో డెసిబెల్ మీటర్ యాప్ వేసి చూపిస్తే పోలీసులు ఒప్పుకుంటారా?

నల్లకోటు_తణుకు
సాక్ష్యంగా నిలబడదు. మాట్లాడేటప్పుడు చేతిలో ఒక అంకె ఉంటే మాత్రం అవతలివాళ్లు వింటారు.

మైకుసెట్_మూర్తి
బేస్‌ని, అంటే దబదబమనే లోతు చప్పుడిని, ఆ యాప్ తక్కువ చూపిస్తుంది. కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే అంకె మామూలుగానే ఉంటుంది. గోడలు దాటి వచ్చేది కూడా బేసే. కాబట్టి డీజేవాడిని సౌండ్ తగ్గించమని అడగకండి, తగ్గించాననే చెప్తాడు. "బేస్ కొయ్యి" అనండి, మిక్సర్ మీద చెయ్యి వేసి చూపించాల్సి వస్తుంది.

రాజోలు_రాంబాబు
నేనది అడిగితే నాకు రెండో పాట అంకితమవుతుంది.

టీచరమ్మ_పాలకొల్లు
బైకు కుర్రాళ్ల గురించి ఎవరూ అనలేదే? సైలెన్సర్ తీసేసి టపటపమని పేలుస్తూ మా స్కూలు గేటు ముందు తిరుగుతారు. 2019 సవరణ తర్వాత అనవసరంగా హారన్ కొట్టినా, సైలెన్సర్ తప్పించినా మొదటిసారి వెయ్యి, మళ్లీ దొరికితే రెండు వేలు. రోడ్డు రోలర్‌తో తొక్కించిన సైలెన్సర్ల వీడియో క్లాసులో చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి పక్క క్లాసు సారు వచ్చి నన్ను కోప్పడ్డారు.

కాలవగట్టు_కావ్య
అప్‌డేట్. స్టేషన్‌కి పోలేదు. అమ్మమ్మని తీసుకుని గుడి కమిటీ ప్రెసిడెంటుగారింటికి వెళ్లాను. ఆయన అమ్మమ్మకి వరసకి మరిది. కాఫీలయ్యాక "బూరలు కిందికి వంపించి, కాలవ వైపుది తీయించండి తాతయ్యా" అన్నాను. మొదట "ఇన్నేళ్లుగా లేనిది నీకొచ్చిందా" అన్నారు. అమ్మమ్మ అందుకుని "నాకూ ఉంది, ఎవరడిగారు నన్ను" అంది. నాకూ అది కొత్త సంగతే. రోజూ లేచి కూచునేది, భక్తి అనుకున్నాం. మర్నాడు నిచ్చెన వేసి తిప్పారు. ఇప్పుడు వినపడుతోంది, కానీ మాటలు విడిగా తెలియనంత దూరంగా. టైము మాత్రం నాలుగున్నర నుంచి అయిదుకే జరిగింది, ఆరు కుదరదన్నారు.
పెళ్లి డీజే విషయంలో ఏమీ జరగలేదు. వాళ్లు నన్ను కూడా డాన్సుకి పిలిచారు.

నల్లకోటు_తణుకు
అయిదు కూడా నిబంధన ప్రకారం తప్పే. ఊరుకోకండి.

లంకలో_లక్ష్మి
మీరు తణుకులో ఉంటారు, ఆ పిల్ల ఆ ఊళ్లో ఉండాలి లాయరుగారూ. ఆ అరగంటకే సంతోషించనివ్వండి. కమిటీ వాళ్లు చుట్టాలు కాబట్టి కుదిరింది, చుట్టరికం లేనివాళ్లు ఏ గుమ్మం ఎక్కాలి?

నల్లకోటు_తణుకు
దానికే చట్టం ఉన్నది.

లంకలో_లక్ష్మి
దానికే రాంబాబుగారికి పాట ఉన్నది.

యానాం_జాన్
కావ్యగారూ, అవతలి ఊరి ప్రార్థన సంగతి నాకు మెసేజ్ పెట్టండి. ఆ పాస్టరుగారు తెలిసినాయనైతే మాట్లాడతాను.

నైట్‌డ్యూటీ_నర్సు
మా అత్తయ్యగారితో మాట్లాడేవాళ్లు కూడా ఎవరైనా ఉంటే చెప్పండి.

కొత్తమెంబరు_మండపేట
ఇప్పుడే చేరాను, పైవన్నీ చదవలేదు. మూర్తిగారూ, ఫిబ్రవరిలో మా చెల్లి పెళ్లి. డీజే ఎంతవుతుంది? సౌండ్ అదిరిపోవాలి.

భీమవరం_బుల్లోడు
😂 అడ్మిన్‌గారూ, చూస్తున్నారా.

మైకుసెట్_మూర్తి
ఊరు, తేదీ చెప్పండి. బేస్ బాక్సులు రెండే వేస్తాను. పదింటికి నేనే వైర్లు చుట్టేస్తాను, బ్యాలెన్స్ డబ్బులు మాత్రం ముందే ఇవ్వాలి.